పుట్టీ కింద పడవ

మల్లాపూర్‌ల మా ఫైబర్ షెడ్డుల నా పని రుద్దుడు. పన్నెండేండ్లు అదే పని. నీళ్ల ట్యాంకు మూత గానీ, పార్కుల పిల్లల జారుడుబండ గానీ, అచ్చు తీసే ముందు దాని నమూనా మీద పుట్టీ వెట్టి, ఎమరీ కాగితంతోని రుద్ది రుద్ది అద్దం లెక్క నున్నగ జెయ్యాలె. "ఈగ వాలితె జారి పడాలెనమ్మా" అనేటోడు మా సారు. నా చేతికింద ఎన్ని ఈగలు జారినయో లెక్కలేదు.

గసువంటి నా చేతిల ఒక చెక్క పడవను వెట్టిన్రు. ఇగ సూడుండ్రి.

ఆ పడవ గోదావరి దిక్కు నుంచి లారీ మీద వచ్చింది. దాన్ని జేసిన తాత గూడ ఎంబడి వచ్చిండు. చెరువు పక్కపొంటి రిసార్టు కడుతున్న ఒక పార్టీకి అచ్చం గట్లనే కనవడే ఫైబర్ పడవలు ఆరు గావాలె. చెక్కదైతె ఏటేటా తారు పుయ్యాలె, కారుతది, పుచ్చిపోతది. ఫైబర్‌కు ఆ తిప్పల్లేవు. కానీ చూసినోడు చెక్కే అనాలె, అందుకే ఈ పడవ మీదనే అచ్చు తీసుడు. షరతు ఒక్కటే: మొదటి పడవ చూసి తాత ఒప్పుకుంటెనే ఆర్డరు.

దించేటప్పుడు మావోళ్లల్ల ఒకడు చెప్పులతోని పడవల కాలు వెట్టిండు. తాత లారీ మీదికెళ్లే అరిచిండు.

"ఒరేయ్! పడవలోకి చెప్పులతో ఎక్కుతావా? దిగు ముందు!"

మా సారు తన బూట్లు చూసుకొని రెండడుగులు ఎనుకకు జరిగిండు. పోయేటప్పుడు తాత షెడ్డంతా ఒక చూపు చూసి, "తొట్లు బాగానే చేస్తున్నారు. పడవ ఏం చేస్తారో వచ్చి చూస్తాను" అన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది. తొట్లట, తొట్లు!

సారు ఫైబర్‌కు పోసే రెసిన్ జిగురు కొననీకె బయటూరికి పోతూ, "సందులుంటె పుట్టీతోని పూడ్చి రెడీ చెయ్యమ్మా" అని చెప్పిండు. పూడ్చిన. పూడ్చినంక చెయ్యి ఊకుంటదా? మూడు దినాలు రుద్దిన. గరుకు కాగితం, సన్న కాగితం, ఆఖరికి నీళ్ల కాగితం. పలకల సందులు, చెక్క గీతలు, మేకుల తలకాయలు అన్నీ పుట్టీ కిందికి వోయినయి. నా మొఖం అండ్ల కనవడుతుంటె మురుసుకుంట కూసున్న.

సారు వచ్చి చూసి నెత్తి పట్టుకున్నడు.

"ఏంది గిది? పడవను తీసుకపోయి బాత్‌టబ్బు జేసినవ్ గదమ్మా!"

అప్పుడు తెలివికొచ్చిన. అచ్చుల పడాల్సిందే ఆ గరుకు. దాన్నే నేను రుద్ది పారేసిన. ఇప్పుడు గట్టివడ్డ పుట్టీ గోకితె చెక్క గూడ ఊడొస్తది. "తాత పదిహేను దినాలల్ల వస్తడు. ఆర్డరు పోతె నువ్వు గూడ పో" అన్నడు సారు. పని పోతదని భయం ఒకటైతె, ముసలాయన చేతిపనిని నా చేతులతోని మాపేసిన గదా అని ఇంకో బాధ. ఆ సాయంత్రం రామంతాపూర్‌ల మా ఇంటి దాక షేర్ ఆటోల ఏడ్చుకుంటనే వోయిన. పక్కన కూసున్నామె "దవాఖానల ఎవలన్న ఉన్నరా అక్కా?" అని అడిగింది. పడవ ఖరాబైందని ఏ మొఖం వెట్టుకొని చెప్పాలె!

తెల్లారి సారుతోని అన్న, "నేనే మళ్ల చెక్క జేస్త, వారం టైమియ్యుండ్రి." సారు చెక్క డిజైన్ స్టిక్కర్ అంటిద్దామన్నడు. "స్టిక్కర్ నీళ్లల్ల నాలుగు దినాలు నిలుస్తదా సార్? తాతకు కండ్లు లేవనుకున్నరా?" అన్న. ఎన్నడూ గట్ల ఎదురు మాట్లాడలే. సారు స్టిక్కర్ ముచ్చట బందు వెట్టిండు.

మళ్ల పలసగ పుట్టీ వెట్టి, ఇంట్ల ఉన్న పేలదువ్వెన తెచ్చి గీసిన. అలలు అలలుగ మంచిగనే వచ్చింది గానీ, దూరం నుంచి చూస్తె హోటల్ టేబుల్ మీది సన్‌మైకా లెక్కుంది. థూ, అని ఆ పై పొర మొత్తం రుద్దేసిన. రెండు దినాలు మట్టిల కలిసినయి.

అసలు చెక్క ఎట్లుంటదో చూద్దామని నాచారంల టింబర్ డిపోకు వోయిన. "ఏం గావాలె అక్కా, దర్వాజలా?" అన్నరు. "ఏమొద్దు, జర ముట్టుకొని పోత" అన్న. నవ్వితె నవ్విన్రు. కండ్లు మూసుకొని ఒక పలక మీద అరచెయ్యి ఆనించిన. అంతే, చెయ్యి దానంతటదే గుర్తు వట్టుడు షురూ జేసింది. మూడు దినాలు ఆ పడవ మీద తిరిగిన చెయ్యి గదా! కాగితం ఏడ తట్టుకున్నదో, ఏడ జారిందో అంతా యాదికొస్తున్నది. ఎడమ దిక్కు మూడో పలకకు ముడి. ముక్కు దగ్గర అరచెయ్యంత అతుకు. ఆ అతుకుకు తొమ్మిది మేకులు, అండ్ల ఒకటి వంకర. రుద్దుతున్నప్పుడు ఆ వంకర మేకును ఎంత తిట్టుకున్ననో!

ఉరికొచ్చి పని వట్టిన. పుట్టీ కలిపినంక పది నిమిషాలల్ల గట్టివడ్తది, అందుకే జానెడు జానెడు వెట్టుకుంట, కండ్లతోని గాదు, చేతితోని యాదిజేసుకుంట గీసిన. దువ్వెన పండ్లు సగం ఇరిగినయి. దాని మీద అచ్చు తీసినం. అచ్చుల గోధుమ రంగు వూసి, రెసిన్ వెట్టి, ఎండినంక చెక్క సుత్తెలతోని చుట్టూ కొడితె పడవ టప్పున ఊడొచ్చింది. గీతలల్ల నల్లరంగు రుద్ది గుడ్డతోని తుడిసేసరికి, అమ్మో, అచ్చం చెక్కే అయ్యింది. షెడ్డు షెడ్డంతా ఈల వేసిన్రు.

చెప్పిన దినానికే తాత వచ్చిండు. సారు ముందుగాల్నే పాత పడవ మీద తాటిపత్రి పట్టా కప్పించిండు. తాత కొత్తదాని చుట్టూ ఒకసారి తిరిగిండు. గోటితోని కొట్టి చూసిండు. పక్కల మీద చెయ్యి వెట్టుకుంట నడిసిండు. ముక్కు దగ్గరికొచ్చి ఆగిండు. ఆ అతుకు మీద వేలు వెట్టి మేకులు లెక్కవెట్టిండు. వంకరదాని కాడ వేలు ఆగింది.

"ఎవరు చేశారిది?"

నేను పొయ్యి తాటిపత్రి గుంజేసిన. సారు వద్దు వద్దని సైగ జేస్తనే ఉన్నడు. పుట్టీ పూసుకున్న పాత పడవ బయటవడ్డది. "నేనే తాతా. రుద్ది పాడుజేసింది నేనే, మళ్ల జేసింది గూడ నేనే" అన్న.

తాత పాతదాన్ని చూసిండు, కొత్తదాన్ని చూసిండు, నన్ను చూసిండు.

"ఈ వంకర మేకు కొట్టిననాడు నాకు జ్వరం. ముప్పై ఏళ్లుగా దాన్ని ఎవరికీ చూపించలేదు. నువ్వొచ్చి ఆరు పడవలకీ ఎక్కించేశావు కదే అమ్మాయ్!"

ఆరు! సారు చెవుల వడ్డదో లేదో అని నేను తిరిగి చూసిన. సారు నోరు తెరిసే ఉన్నడు.

ఈలోపు తాత చెప్పులు రెండూ ఇడిసి, పక్కకు వెట్టి, పడవల కాలు వెట్టిండు. సారు ఆ చెప్పులు చూసి, వంగి తన బూట్ల లేసులు విప్పుడు షురూ జేసిండు. నేను ఆగలే. నా చెప్పులు గూడ ఇడిసి ఎక్కి, తాత ఎదురుంగ కూసున్న.