మూడో నోరు దొరకని ఊరు

మంగళవారం ఉదయం చాంగీ బిజినెస్ పార్క్‌లోని మా ఆఫీసులో మీటింగ్ జరుగుతుండగా శారద గారు ఫోన్ చేశారు. "మీ మాష్టారు వెళ్ళిపోయారు, రమేశ్" అన్నారు. ఆవిడ మా టీమ్ లీడ్. ఇన్నేళ్ళుగా ఆవిడ ఫోన్ చేస్తే గడువుల గురించే కనుక, ఆ మాట కూడా ముందు పనిమాటలాగే చెవిన పడింది. ఆవిడ భర్త, నా గురుతుల్యులు వాసుదేవమూర్తి మాష్టారు దివంగతులయ్యారన్న దుర్వార్తను, ఈ నాలుగు ముక్కలూ రాస్తున్న క్షణానికి కూడా నా మనసు అంగీకరించడం లేదు.

సింగపూర్ తెలుగువారిలో చాలామందికి ఆయన "శారద గారి హస్బెండ్"గానే తెలుసు. విజయనగరం వైపు ఒక కాలేజీలో తెలుగు లెక్చరర్ పని వదులుకుని, భార్య ఉద్యోగం వెంట ఈ దేశానికి వచ్చిన ఆ పండితుణ్ణి చూసి మనవాళ్ళు జాలిపడేవారు. ప్రతి పుట్టినరోజు పార్టీలోనూ ఎవరో ఒకరు "సార్, మీరు ఏ ప్లాట్‌ఫామ్ మీద పని చేస్తారు?" అని అడగడం, "వుడ్‌ల్యాండ్స్ స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద బాబూ" అని ఆయన నవ్వకుండా జవాబివ్వడం మామూలే. అది నిజం కూడా. వారంలో నాలుగు రోజులు ఆయన ట్రైనెక్కి సింగపూర్ ఉత్తరపు అంచున ఉన్న వుడ్‌ల్యాండ్స్ వెళ్ళేవారు. సెలవైతే నేనూ వెంట ఉండేవాణ్ణి.

మన ఐటీ జనం రాకముందు, ముత్తాతల కాలంలోనే మలయా రబ్బరు తోటలకు కూలికి వచ్చిన తెలుగు కుటుంబాలు కొన్ని అక్కడా, వంతెన అవతల మలేసియాలోని జొహోర్‌లోనూ మిగిలి ఉన్నాయి. వాళ్ళ వాడుకమాటలను, పాటలను సేకరించి, ఆ ఆధారాలతో వాళ్ళు ఏ ఊరి నుంచి, ఏ దారిన, ఏ కష్టానికి బయలుదేరి వచ్చారో తేల్చడం మాష్టారి జీవితవ్రతం. తోటల దస్త్రాల్లో కూలివాడి పేరుంటుంది, అదీ దొర చెవికి వినబడినట్టు. ఊరుండదు. "రాజుల సంగతి రాళ్ళమీద ఉంటుందయ్యా. కూలివాళ్ళ సంగతి నోళ్ళలో ఉంటుంది. ఆ నోరు పోతే ఊరు పోయినట్టే" అనేవారు.

ఆయన పని పద్ధతి ఎంత కఠినమైనదో చెప్పాలి. ప్రతి మాటకూ, ప్రతి పాటకూ ఒక అట్టముక్క, పైన ఆ మాటో పాటో మాత్రం రాసి. ఒకరి నోట వింటే దానిమీద ఒక చుక్క. ఒకరికొకరు పరిచయం లేని ముగ్గురి నోట విని, మూడు చుక్కలూ పడ్డాకే దాని వివరం సిరాతో రాసేవారు. అప్పటిదాకా తన ఊహను పెన్సిల్‌తోనైనా పెట్టేవారు కాదు. "ఊహని కాగితం ఎక్కించావా, రేపు అదే ప్రమాణమై కూచుంటుంది" అనేవారు. నాకది చాదస్తంగానే తోచేది, ఆ మాట మొహానే చెప్పాను కూడా. "చాదస్తమే. మరి శాస్త్రమంటే ఏమనుకున్నావు?" అన్నారు.

తిండి దుకాణాల హాకర్ సెంటర్‌లో బల్లమీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు చోప్ చేసుకోవడం, అంటే ఆపి ఉంచుకోవడం, ఇక్కడి ఆచారం. మాష్టారు ఒకనాడు టిష్యూ లేక ఆ అట్టముక్కల కట్ట పెట్టి నాతోపాటు దోశ తేవడానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి బల్ల తుడిచే ముసలాయన దాన్ని చెత్తతో పాటు ఊడ్చేశాడు. అంతటి పండితుడూ చేతులు మోచేతులదాకా చెత్తబుట్టలో పెట్టి, చట్నీ అంటుకున్న అట్టముక్కలను ఒక్కొక్కటే తీసి చొక్కాకు తుడుచుకున్నారు. నేను సిగ్గుతో పక్కబల్ల వైపు తిరిగి కూచున్నాను. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

వుడ్‌ల్యాండ్స్‌లో అప్పలనర్సమ్మ అవ్వ ఉంది. తొంభై దాటిన మనిషి, జొహోర్ తోటలో పుట్టింది. నన్ను చూడగానే "మాకన్ అయిందేటి బాబూ?" అని, భోజనానికి మలయ్ మాటే వాడి, పలకరించేది. వాళ్ళమ్మ పాడుకునే దారి పాటొకటి అవ్వకు వచ్చు. "ఏరు ఎడమెట్టి నడిసినామమ్మా, సాలీల ఈదిలో తొంగున్నామమ్మా" అంటూ, ఇల్లు వదిలిన నాటినుంచి ఓడరేవు దాకా నడిచిన దారంతా ఉంటుంది. ఊరి పేరుండే మొదటి చరణం మాత్రం అవ్వ మరిచిపోయింది. "మా అమ్మది ఏ ఊరో సెప్పు బాబూ. నాను సచ్చిపోయేలోగా ఆ పేరొక్కసారి పలకాల" అని మాష్టారి చేతులు పట్టుకుంది. ఆయన మాటిచ్చారు.

ఏరు ఎడమన ఉండే దారులు, సాలీల వీధులు, అవ్వ మాటల్లో మిగిలిన ఒకటి రెండు పలుకుబళ్ళు, అన్నీ కలిపి ఆయన రెండేళ్ళు వెతికారు. జొహోర్‌లో ఒక ముసలాయన నోట రెండో చుక్క పడింది. ఆయనకూ మొదటి చరణం రాదు. మూడో నోరు ఇక్కడే ఆంగ్ మో కియో పేటలో దొరికింది. అక్కడొక పెద్దావిడకు పాట మొత్తం వచ్చునని తెలిసింది. సరిగ్గా అప్పుడే మాష్టారి గుండె మొరాయించి ఆయన మంచం పట్టారు. "నువ్వెళ్ళి రికార్డు చేసుకురా రమేశ్. అరగంట పని" అన్నారు.

"ఈ వారం రిలీజ్ ఉంది మాష్టారూ, వచ్చే ఆదివారం" అన్నాను. ఆ వచ్చే ఆదివారమూ అదే మాట, ఆ తరువాతా అదే మాట. ఆలస్యం అమృతం విషం అని చిన్నప్పుడు కాపీ రాసినవాణ్ణే. నాలుగో ఆదివారం ఆంగ్ మో కియో వెళితే ఆవిడ కూతురు తలుపు తీసి, "స్ట్రోక్ వచ్చిందండీ, పది రోజులైంది. మాట లేదు" అంది. లోపల ఆ పెద్దావిడ నా చేతిలోని రికార్డర్ వైపు చూసింది. పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు.

మాష్టారికి చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది. "పోనీలే, నీ పని నీది" అన్నారు. నేనే ఉండబట్టలేక, "ఆ ఊరేదో మీకు తెలుసు కదా. అవ్వకు చెప్పెయ్యండి" అన్నాను.

"తెలుసనుకోవడం వేరు, తెలియడం వేరు. తప్పు ఊరు చెబితే ఆవిడ దానికే దండం పెట్టుకుంటుంది. వాళ్ళమ్మని రెండోసారి ఊరు తప్పించినట్టవుతుంది" అన్నారు. ఆ తరువాత తొమ్మిదో రోజున కన్నుమూశారు.

కర్మకాండ ముగిశాక శారద గారు బీరువా తెరిచి అట్టముక్కలన్నీ చూపించారు. మూడు చుక్కలవి తక్కువ. ఒక చుక్క, రెండు చుక్కలవే అర దాటి అర, అరలనిండా. పైనున్న మాటా, చుక్కలూ తప్ప వాటిమీద వివరం లేదు. వివరమంతా ఆయన తలలో ఉండేది. అవ్వ పాట అట్ట తీశాను. రెండు చుక్కలు. ఊరు అన్నచోట ఖాళీ. వెలుతురుకు పట్టి చూశాను, చెరిపిన జాడ కూడా లేదు. "ఏం చేద్దాం వీటిని?" అన్నారు శారద గారు.

నిన్న అవ్వకు చెప్పడానికి వెళ్ళాను. పక్కన మునిమనవరాలు స్కూలు ప్రాజెక్టు కోసం వంశవృక్షం గీస్తోంది. మాష్టారి సంగతి విని అవ్వ కాసేపు ఏడ్చింది. తరువాత నా చెయ్యి పట్టుకుని, "మరి ఊరు సెప్పేడా బాబూ, పోయేముందు?" అంది. ఆ పిల్ల తలెత్తి, "విలేజ్ నేమ్ గాట్ ఆర్ నాట్, అంకుల్? టీచర్ ఆస్కింగ్ లా" అంది.

చెప్పలేదనడానికి నోరు రాలేదు. నోటికొచ్చింది మా సొంత ఊరి పేరు. కృష్ణా డెల్టాలో పల్లె. ఆ పాటలోని దారికీ దానికీ పొంతనే లేదు. అవ్వ ఆ పేరు రెండుసార్లు పలికింది. చేతులు జోడించి కళ్ళకద్దుకుంది. పాట మొదటికి వెళ్ళి, ఆ పేరు చేర్చి, గొంతెత్తి పాడింది. వరసకు చక్కగా అమరింది. పిల్ల దాన్ని వంశవృక్షం మొదట్లో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది.

ఏ పనికైతే ఆ మహనీయుడు తన ఆయుష్షు ధారపోశారో, ఆ పనిని ఆయన శిష్యుణ్ణని చెప్పుకునే నేను ఒక్క మాటతో పాడుచేశాను. మాష్టారూ, మీ పాదాలకు నమస్కారం. క్షమించమని అడిగే అర్హత నాకు లేదు. ఇక ఆ కుటుంబానికి అదే ఊరు. ఆధారం చూపి కాదని చెప్పగలిగిన ఒక్క మనిషినీ మండై శ్మశానంలో దహనం చేసి వచ్చాం.