కొడుగు

వరదలో ఇళ్లు పోయినవాళ్ల కోసమని, ఎక్కడెక్కడి వాళ్లో తాము చేసిన చిన్న చిన్న కంప్యూటర్ ఆటలూ బొమ్మలూ చప్పుళ్లూ ఫాంట్లూ కలిపి ఇంటర్నెట్‌లో ఒకే మూటగా పెట్టారు. తోచినంత ఇచ్చి మూట మొత్తం దించుకోవచ్చు. నేను తీసుకున్నది పుణ్యానికి కాదు, పూల బోర్డర్లకి. పుదుచ్చేరిలో మాకు ఫ్లెక్స్ బ్యానర్లు వేసే కొట్టుంది. చెవులు కుట్టినా, పెళ్లయినా, మనిషి పోయినా అవే నాలుగు బోర్డర్లు తిప్పి తిప్పి వేస్తున్నానని కొట్లో పనిచేసే అమ్మాయి నా మొహం మీదే అనేసింది. నాకు రోషం ఎక్కువ. ఆ సాయంత్రమే మూట దించాను.

దించాక చూస్తే అది మూట కాదు, గోడౌను. మా వీధిలో మధ్యాహ్నం ఒంటిగంటకి కొట్లు మూస్తే మళ్లీ నాలుగింటికే తెరుస్తారు. ఆ వేళ షట్టరు సగం దించి, ఫ్యాను కింద కూచుని ఒక్కొక్కటే తెరిచేదాన్ని. ఎవరో ఒకాయన తలుపులు కిర్రుమనే చప్పుళ్లే నలభై రకాలు పట్టి పెట్టాడు. వాళ్లావిడ ఎట్లా భరించిందో ఏమో. ఇంకొకరు చెమ్మెక్కిన గోడల ఫొటోలు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. ఆటలైతే మరీ విడ్డూరం. ఒకదాంట్లో నత్త ఇంటింటికీ ఉత్తరాలు పంచుతుంది. ఇంకోదాంట్లో రాని రైలు కోసం స్టేషన్లో కూచోవడమే ఆట. చంపడాలు లేవు, గెలవడాలు లేవు.

బోర్డర్ల సంగతి మరిచిపోయి వాటిల్లో తిరగడం అలవాటైంది. అయితే ఎక్కడికి వెళ్లినా మనుషులు కనబడరు. దీపం ఉంటుంది, చాప పరిచి ఉంటుంది, పరిచిన మనిషి మాత్రం ఇప్పుడే లేచి వెళ్లినట్టుంటుంది. అమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. మురుంగపాక్కంలో మా ఇల్లూ నాకు అట్లాగే ఉండేది. వంటింట్లో ఎవరో ఉన్నారనుకుని మాట్లాడుతూ లోపలికి పోయి, ఖాళీ పీట చూసి వెనక్కి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి.

అమ్మ గురించి చెప్పాలంటే తమ్ముడి గురించి చెప్పాలి. వాడు ఏంబలంలో సేద్యం చేస్తాడు. అమ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయి ఆసుపత్రిలో చేర్చినప్పుడు, తనతో తీసుకుపోతానని వాడు, ఆ పల్లెలో డాక్టరు యాడున్నాడని నేను, మంచం పక్కనే నిలబడి అరుచుకున్నాం. నోరు జారడంలో నన్ను మించినవాళ్లు లేరు. "అమ్మ నిన్ను అడిగితే పిలుస్తా. అంతవరకూ ఈ గడప తొక్కబాకు," అన్నాను. వాడు నాకంటే మొండి. మళ్లీ రాలేదు, ఫోనైనా చేయలేదు. పదకొండో రోజున అమ్మ పోయింది. కబురందుకుని వచ్చి, దహనం అయ్యాక, ఒంటిమీద తడిబట్టతోనే నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు.

"అమ్మ నన్ను అడిగిందా అక్కా?"

"లేదురా," అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసింది అదే. ఆ తర్వాత వాడు మా ఇంటికి వచ్చినా కూచునేవాడు కాదు. ఏడాది తిరిగాక తద్దినం పెట్టినప్పుడు అందరూ అమ్మ ఫొటో ముందు నిలబడితే వాడు పక్కకి నిలబడ్డాడు. కన్నతల్లి చివరిదాకా తనని తలుచుకోలేదన్న నమ్మకంతో మనిషి బతకడం ఎట్లా ఉంటుందో నేను రెండేళ్లు కళ్లారా చూశాను. జాలిపడ్డాను కూడా. నా జాలి తగలెయ్య!

మా ఇంటి మాట తెలుగు, అక్షరాలు తమిళం. ఎన్ని తరాల నుంచి ఇక్కడ ఉన్నామో మాకే తెలీదు. యానాం నుంచి ఉద్యోగాలకి వచ్చినవాళ్లు తెలుగులో బ్యానర్లు అడుగుతుంటే, అమ్మ పోయాక, నలభై దాటిన వయసులో నేను అ ఆలు దిద్దుకున్నాను. అమ్మకి ఆ భాగ్యమూ లేదు. సరుకుల చీటీ అయినా, ఉత్తరమైనా, తెలుగు మాటని తమిళ అక్షరాల్లోనే రాసేది. ఆసుపత్రిలో మాట పోయాక కూడా, నేను కొట్టు నుంచి తెచ్చిన శుభలేఖల నమూనాల వెనక అట్లాగే రాసి చూపించేది.

మూటలో నెలరోజులు తిరిగాక ఒక ఆట తగిలింది. పేరు 'ఇల్లు', అంతే. చేసినవాళ్ల పేరు లేదు. పైనుంచి చూస్తున్నట్టు చిన్న చిన్న గళ్లతో గీసిన ఇల్లు. వీధి అరుగు, దండెం మీద చీర, లోపల మంచం మీద ఒక ఆడమనిషి. ఆమెకి కళ్లూ ముక్కూ గీయలేదు. ఆమె అడిగినవి ఇల్లంతా వెతికి తెచ్చివ్వడమే ఆట. అడిగే మాటలు కింద తమిళ అక్షరాల్లో వస్తాయి. ఆడినవాళ్లు రాసిన అభిప్రాయాలు చదివితే ఒకతను, తమిళుడే, ఇది తమిళం కాదు, ఏదో దెయ్యం భాష అని రాశాడు. ఇంకొకరు అవునవును, భలే భయమేసింది అన్నారు.

మొదటి మాట నేనూ తమిళంలోనే చదివాను, అర్థం కాలేదు. నోటితో పైకి అనుకున్నాను. "యాడుండావు?"

ఆ మాట నా చెవిన పడి రెండేళ్లయింది. దెయ్యం భాషట! మా అమ్మ నన్ను తిట్టిన భాష అది, బువ్వ పెట్టిన భాష. మిట్టమధ్యాహ్నం ఎవరైనా పిలిస్తే ఒక్క పిలుపుకే పలకొద్దని అమ్మ చెప్పేది, అది మనిషి కాకపోవచ్చని. నేను పలికాను. "ఈడనే ఉండా," అని ఖాళీ కొట్లో పైకే అన్నాను.

తర్వాత మాట 'కాలి'. తమిళులకి అది ఖాళీ. పాపం, అందరూ ఆమెకి ఖాళీ కుండలు మోసుకొచ్చి ఇచ్చి ఓడిపోయారు. తమిళంలో క కీ గ కీ ఒకటే అక్షరమని మావాళ్లకి తప్ప ఎవరికి పడుతుంది? ఆమె అడిగింది గాలి. నేను కిటికీ తెరిచాను. దండెం మీద చీర ఊగింది. తర్వాత 'కూడు'. తమిళంలో అది పక్షి గూడు. నేను అన్నం గిన్నె తెచ్చాను. గెలుస్తున్నకొద్దీ నాకు పొగరెక్కింది. ఈ ఆట లోకంలో ఇంకెవరికోసమూ చేయలేదు, నా ఒక్కదానికోసమే చేశారనిపించింది.

నాలుగో మాట 'కొడుగు'.

తలుపు పక్కన చిలక్కొయ్యకి గొడుగు వేలాడుతోంది. నవ్వుకుంటూ తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె తీసుకోలేదు. మళ్లీ అదే మాట వచ్చింది. బయటికి తీసుకెళ్లి తెచ్చాను, ఎండలో పెట్టి తెచ్చాను. మళ్లీ అదే మాట. నా చెయ్యి ఆగిపోయింది. ఎందుకంటే ఆ మాట నేను అంతకుముందు చూశాను, అవే అక్షరాల్లో, అమ్మ చేత్తో.

అమ్మ పోవడానికి ముందురోజు వాన దంచుతోంది. సాయంత్రం నేను ఇంటికి బయల్దేరుతుంటే అమ్మ కాగితం అందుకుని ఆ ఒక్క మాట రాసింది. "గొడుగు ఉందిలేమ్మా," అన్నాను. అమ్మ తల అడ్డంగా ఊపి, దాని కిందే మళ్లీ రాసింది, కాగితం చిరిగేటంత గట్టిగా. నా మాట నమ్మడం లేదనుకున్నాను. చంటిపిల్లకి చూపించినట్టు, కిటికీ ఊచకి తగిలించిన గొడుగు తీసి కళ్లముందు ఆడించాను. "ఇదో చూడు, తడవనులే." అమ్మ ఆ గొడుగుని కాసేపు చూసింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. హమ్మయ్య, నిద్రపోయిందనుకుని ఆ గొడుగు వేసుకుని ఇంటికి వచ్చాను. తెల్లారేసరికి ఫోన్ వచ్చింది.

తమిళ అక్షరాల్లో రాస్తే కొడుకూ గొడుగూ ఒకటే మాట. తెలియనివాళ్లు చదివితే 'కొడుగు' అంటారు. అది కొడుకూ కాదు, గొడుగూ కాదు. మా ఇళ్లల్లో సందర్భం చూసుకుని చదువుకుంటాం. నేను వాన చూసి చదివాను. "అమ్మ నిన్ను అడిగితే పిలుస్తా" అని నేను అరిచింది అమ్మ మంచం పక్కనే. మాట పోయింది గానీ చెవులు పోలేదు. నేను పెట్టిన షరతు ప్రకారమే అమ్మ అడిగింది.

ఆటలో ఆమె కొడుకుని నేనేనని తోచి, గొడుగు కింద పెట్టేసి, వట్టి చేతులతో ఆ మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆమె కాస్త అవతలికి జరిగి, పక్కన చోటిచ్చింది. ఆట అయిపోయింది. నాలుగింటికి షట్టరెత్తిన అమ్మాయి నన్ను చూసి భయపడి నీళ్లు తెచ్చింది. ఆట చేసినవాళ్లకి ఆ పేజీలోనే రాశాను, మీరెవరు, మీది ఏ ఊరు అని. జవాబు రాలేదు. మావాళ్లే ఎవరో, అంతకుమించి ఇవాళ్టికీ తెలీదు.

వెంటనే తమ్ముడి దగ్గరికి పరిగెత్తానని రాసుకుంటే బాగుంటుంది. మూడు వారాలు వెళ్లలేదు. ఇన్నాళ్లూ వాడు మోసిన బరువు నా తలమీద పడుతుందని భయం. దానికి మించిన భయం ఇంకొకటి. నేను నిజంగా తప్పు చదివానా, లేక వాడిని పిలవడం ఇష్టం లేక అట్లా చదువుకున్నానా? ఆ రోజు నా మనసు నాకు గుర్తులేదు, గొడుగు మాత్రమే గుర్తుంది. వీధిలో ఎవరు గొడుగు విప్పినా మొహం తిప్పుకునేదాన్ని. ఆ మాట అమ్మ రాసిందే గానీ పలకలేదు, అయినా మధ్యాహ్నాలు అమ్మ గొంతులో వినబడేది. ఒకసారి కొడుకని, ఒకసారి గొడుగని.

ఒక ఆదివారం పొద్దున, ఆసుపత్రి సంచిలో అట్లాగే ఉండిపోయిన ఆ కాగితం తీసుకుని ఏంబలం వెళ్లాను. వాడు మోటారు షెడ్డు దగ్గర చేలోకి నీళ్లు పారేట్టు మడవలు తిప్పుతున్నాడు. చేతులు కడుక్కుని రమ్మని, ఏమీ చెప్పకుండా కాగితం ఇచ్చాను. నా నోటితో చెప్పే ధైర్యం లేదు. వాడే చదివితే వాడికే తెలుస్తుందనుకున్నాను.

"అమ్మ రాతే కదా," అన్నాడు. చాలాసేపు చూశాడు. "గొడుగు."

నేను కాలవలో నీళ్లకేసి చూస్తున్నాను.

"ఆ పొద్దు జోరు వాన కదక్కా. నువ్వు తడుస్తావని అడిగుంటది." కాగితం మడతమీదే మడిచి నాకు తిరిగిచ్చాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "కడాకి కూడా నీ మీదే ధ్యాస అమ్మకి. నువ్వు కదా చూసుకుంది. సరిలే, దాచి పెట్టుకో."

తీసుకుని బస్సెక్కి వచ్చేయొచ్చు. వాడే చదివాడు, నేనేమీ దాచలేదు. నా తప్పు వాడి నోటితోనే మాసిపోయింది. ఆ మాట నిజంగా అనుకున్నాను, ఒక్క క్షణం కాదు, వాడు మళ్లీ మడవ దగ్గరికి వెళ్లి పార అందుకునేదాకా అనుకుంటూనే ఉన్నాను.

"ఒరే," అన్నాను. "అది గొడుగు కాదురా."

వాడు వెనక్కి తిరిగాడు.

"నేనూ నీలాగానే చదివినా. గొడుగు తీసి చూపించినా. అమ్మ గోడ తట్టు తిరుక్కునింది." వాడు పార వదిలేసి నా చేతిలో కాగితం కేసి చూస్తున్నాడు. ఇంకా అర్థం కాలేదు వాడికి. నా నోటితో చెప్పక తప్పలేదు.

"అడిగిందిరా," అన్నాను. "రెండుసార్లు అడిగింది."