ఊపిరాయన లిఫ్టులో ఇరుక్కున్న రోజు

లిఫ్టులు బిగించే ఆ కంపెనీలో ఆయన్ని అందరూ ఊపిరాయన అంటారు. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుని ఎర్ర బటన్ నొక్కితే మోగేది ఆయన బల్ల మీది ఫోనే. మెకానిక్ చేరేదాకా వాళ్లను మాటల్లో పెట్టడం ఆయన ఉద్యోగం. "ముందు ఊపిరి పీల్చుకోండి. భోంచేశారా? ఏం కూర?" అని మొదలుపెడతాడు. అవతలివాళ్లు కంపెనీ ఏడుతరాలనూ తిడుతుంటే కిక్కురుమనకుండా మింగుతాడు.

మింగిన తిట్లు ఎక్కడికి పోతాయి? కడుపులో మంటయి కూర్చున్నాయి. ఇంట్లో కుక్కర్ కూత వేస్తే కంచం ముందు నుంచి లేచి, "మెకానిక్ బయల్దేరాడండీ" అంటాడు.

"మెకానిక్కెందుకు? పొయ్యి కట్టెయ్యండి చాలు" అంటుంది భార్య.

రక్తపోటు చూసిన డాక్టరు, ఫోను తగ్గించకపోతే మనిషే తగ్గిపోతాడని చెప్పేశాడు. పనీ తడబడుతోంది. మొన్న కంగారులో మెకానిక్‌ను లిఫ్టే లేని మేడకు పంపాడు. ఆ మహానుభావుడు మెట్లన్నీ ఎక్కి, పైకప్పు మీద నిలబడి మరీ ఫోన్ చేశాడు.

ఫోను దగ్గరికి ఇంకో మనిషిని ఇమ్మని ఊపిరాయన అడగని రోజు లేదు. "చూద్దాం" అనేవాడు మేనేజరు. చూసి చూసి, మనిషికి బదులు ఓ క్లాసు పెట్టించాడు. ఒత్తిడి తగ్గించుకునే క్లాసు. కింది హాల్లో. మెకానిక్‌లతో సహా అందరూ రావాలి, మనసు చెదరకుండా సెల్‌ఫోన్లు బల్లల మీదే వదిలి రావాలి.

"మరి నా ఫోను సార్?"

"గంటసేపట్లో ఎవరూ ఇరుక్కోర్లేవయ్యా. మంచి పనికి వెళ్తూ ఆ మాటలేంటి?"

అందరూ ముందే దిగిపోయారు. చివరికి మిగిలిన మేనేజరూ, ఊపిరాయనా కలిసి లిఫ్టెక్కారు. అది రెండంతస్తులు దిగి, మూలిగి, ఆగిపోయింది.

మేనేజరు రెండు బొటనవేళ్లతోనూ ఎర్ర బటన్ నొక్కాడు. పైన ఫోన్ మోగడం సన్నగా వినిపించింది. మోగుతూనే ఉంది.

"ఎత్తడేం? ఎత్తే మనిషి ఎక్కడ చచ్చాడు?"

"ఇక్కడే ఉన్నాను సార్. మీ పక్కనే."

ఎట్టకేలకు ఎవరో ఎత్తారు. గదులు ఊడ్చే పెద్దావిడ. "ఎవరూ లేరు బాబూ. అందరూ ఒత్తిడి తగ్గించుకోడానికి పోయారు. రేపు చెయ్యండి" అని పెట్టేసింది.

మేనేజరు మొహం పాలిపోయింది. కాలరు వదులు చేసుకున్నాడు. "ఊపిరాడట్లేదయ్యా. ఏదో ఒకటి మాట్లాడు!"

"ముందు ఊపిరి పీల్చుకోండి సార్. భోంచేశారా?"

"చేశాను."

"ఏం కూర?"

"బెండకాయ."

అప్పుడే ఊపిరాయన కడుపులో మంట ఎగదన్నింది. ఆగిపోయాడు.

"ఆపావేం? మాట్లాడవయ్యా!"

"అలుపొచ్చింది సార్. పక్కన ఇంకో మనిషుంటే అందుకునేవాడు."

"ఇస్తాను! ఇద్దర్నిస్తాను! నువ్వు మాట్లాడు నాయనా!"

ఊపిరాయన ఈసారి తానే బటన్ నొక్కాడు.

"ఇందాక చెప్పాను కదా బాబూ" అంది పెద్దావిడ.

"నేను మేనేజర్ని!" అని అరిచాడు ఆయన.

"మేనేజరుగారూ అక్కడికే పోయారు."

"అక్కా, పెట్టెయ్యకు, నేనే!" అన్నాడు ఊపిరాయన. "మేం లిఫ్టులో ఇరుక్కున్నాం. కింద హాల్లో మెకానిక్‌లకు చెప్పు."

హాల్లో అందరూ కళ్లు మూసుకుని ఉన్నారట. క్లాసు చెప్పేవాడు ఉష్ అన్నాడట. "ఉష్ లేదు, బుష్ లేదు, మేనేజర్ ఇరుక్కున్నాడు లేవండి" అని పెద్దావిడ చీపురు నేలకేసి కొడితే గానీ ఒక్కడూ కళ్లు తెరవలేదట.

మెకానిక్‌లు లిఫ్టును కిందికి దించి, బాగుచేసి తలుపు తీశారు. బయటపడ్డ మేనేజరు మొహం తుడుచుకున్నాడు, తల దువ్వుకున్నాడు, మళ్లీ మేనేజరయ్యాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. "ఆ మనిషి సంగతి... చూద్దాంలే" అన్నాడు.

"అలాగే సార్. క్లాసు ఎలాగూ చెదిరిపోయింది, మరి పైకి వెళ్దామా?" అంటూ ఊపిరాయన లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

మేనేజరు లిఫ్టును చూశాడు. మెట్లు చూశాడు. ఆఫీసు ఆరో అంతస్తులో, నొప్పి మోకాళ్లలో.

"రేపే ఒకణ్ని రమ్మంటానయ్యా, అందరి ముందూ చెబుతున్నాను" అన్నాడు మెత్తబడి. "నువ్వూ లోపలికి రా. మాట మాత్రం ఆపకు."

ఊపిరాయన లోపలికి అడుగుపెట్టాడు.

"ఇందాక సగంలో ఆగాం. బెండకాయ వేపుడేనా సార్?"