చిత్త నక్షత్రం కింద ఎకరన్నర

మా బావ దుర్గాప్రసాద్‌కు బురదంటే పడదు. పుట్టింది మాత్రం హనుమాన్ జంక్షన్ పక్క పల్లెలో, వరి చేల మధ్య. అందులో ఆయన తప్పేమీ లేదు. జ్ఞానం వచ్చిన దగ్గర్నుంచీ ఆ మచ్చ చెరుపుకోవడానికే పాటుపడ్డాడు. డిగ్రీ మధ్యలో వదిలేసి విజయవాడలో ఎరువుల కొట్టు పెట్టాడు. వచ్చేవాళ్ళంతా రైతులే కావడంతో మనసు విరిగి, ప్లాట్ల వ్యాపారంలోకి దిగాడు.

అప్పట్నుంచీ కనిపించిన చేనల్లా మెరక చేయించడం, రాళ్ళు పాతించడం, దానికో దొరల పేరు తగిలించడం. తెలుగు పేరు పెడితే ప్లాటు కదలదట.

సొంతూళ్ళో వెంచర్ వేసినప్పుడు సిద్ధాంతిగారు, "మీ జన్మనక్షత్రం పేరు పెట్టండి, కలిసొస్తుంది" అన్నారు. బావది చిత్త. ఆ పేరుతో ప్లాటెవడు కొంటాడని బావ బెంగపెట్టుకుంటే, కాలేజీలో చదివే కూతురు రుచిత, "లాటిన్‌లో స్పైకా అంటారు నాన్నా" అంది. అర్థమేమిటని ఆయన అడగలేదు. అర్థం కాకపోవడమే ఆ పేరుకున్న అందం. వారం తిరక్కుండా 'స్పైకా కౌంటీ' బోర్డు లేచింది.

అడ్డం ఒక్కటే. రోడ్డుకూ వెంచర్‌కూ మధ్య బావ తండ్రి హనుమయ్యగారి ఎకరన్నర ఉంది. అది కలవనిదే వెంచర్‌కు దారి లేదు. ఆయనేమో, "నేనుండగా ఆ చేలో మట్టి పొయ్యనివ్వను" అని భీష్మించుకున్నారు. పొద్దున లేస్తే ఆయన వెళ్ళడానికి మిగిలిన చోటు అదొక్కటే.

ప్రారంభం రోజున ఆయన్ని షామియానా కింద ముందు వరసలో కూర్చోబెట్టారు. కొనడానికొచ్చిన వాళ్ళకు పేరు గొప్పతనం చెప్పమని బావ కూతురికి మైకిచ్చాడు. ఆ పిల్ల చదివిందంతా చెప్పేసింది. కన్యారాశిలో ఆడమనిషి ఎడమచేత పట్టుకున్న కంకి ఆ చుక్క. స్పైకా అంటే లాటిన్‌లో కంకి. గ్రీకులు తమ భాషలో కంకి అన్నదాన్నే రోమన్లు లాటిన్‌లోకి మార్చుకున్నారు. అంతకు ముందు బాబిలోనియా వాళ్ళు అక్కడ నాగటి చాలును చూశారు. ప్లాటు చూద్దామని వచ్చిన జాహిద్‌గారు లేచి, "అరబ్బీలోనూ ఆ రాశిని సుంబులా అంటారండీ. అదీ కంకే" అని తోడయ్యారు.

బావ మొహం చూడాలి. బురదకు జడిసి రోమ్ దాకా పరిగెత్తినా కాలు చేలోనే పడింది. నేను పడీపడీ నవ్వాను.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. హనుమయ్యగారు లేచి కొడుకు దగ్గరకు వచ్చారు.

"వరి వెన్ను పేరెట్టావంటరా? నాతో ఒక్క ముక్క చెప్పలేదేం? చేనంటే నీకు అసయ్యం అనుకున్నాను ఇన్నాళ్ళూ" అని కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "ఆ ఎకరన్నర కాయితాలు ఇటు తే, సంతకం పెడతాను."

నిజం చెప్పడానికి బావకు ఒక్క మాట చాలు. నోరు తెరిచాడు కూడా.

"ఇక్కడ నాన్నా, ఇక్కడ పెట్టు" అని వేలితో చూపించాడు.