బావ బుల్లెట్టు ఎందుకు ఆగింది

ఆ శనివారం సాయంత్రం అక్క బావ మోచేతికి పసుపు అద్దుతోంది. నా వైపు చూడకుండానే అంది:

"తమ్మీ, ఆ ఇంజను కట్టింది నువ్వే. సోమారం ఆయన మళ్ల గదే బండి మీద పోతడు. నడి తొవ్వల ఆగి ఆయనకేమన్న అయితే, జిందగీల నీ మొఖం చూడ."

బావ సర్ఖనిలో బడిపంతులు. వారమంతా అక్కడే ఒక గదిలో ఉండి, శనివారం ఒంటిపూట బడి కాగానే నాందేడులో ఇంటికి వచ్చేవాడు. బస్సుల్లో నలిగి నలిగి విసుగెత్తి, ఎవరో వానకు ఎండకు వదిలేసిన పాత బుల్లెట్టు ఒకటి కొని తెచ్చాడు. అప్పటికి నేను, మెకానిక్ పని నేర్పిన ఉస్తాద్‌ను వదిలి, దెగ్లూర్ నాకా దగ్గర సొంత షెడ్డు వేసుకున్న కొత్త. ఆ ఇంజనును ముక్కముక్కగా విప్పాను. అరిగిన సిలిండర్‌కు బోరు చేయించి, కొత్త పిస్టన్ వేసి, వాల్వులు రుద్ది మళ్ళీ కట్టాను. ఒక్కణ్ణే పూర్తిగా కట్టిన మొదటి ఇంజను అది. మొదటి కిక్కుకే అంటుకుంటే నా పొగరుకు పగ్గాల్లేవు.

ఆ రోజు అక్క కొబ్బరికాయ కొట్టింది, చక్రం కింద నిమ్మకాయ పెట్టించింది, మారుతి గుడి నుంచి నూనెలో కలిపిన సిందూరం తెచ్చి బండికి బొట్టు పెట్టింది. అప్పటి నుంచి ప్రతి శనివారం గుడికి పోయి వచ్చి, బండికి బొట్టు పెట్టాకే బావకు చాయ్ ఇచ్చేది. అంత దూరం, అడవి దారి. ఆమె భయం ఆమెది.

కొన్ని వారాలు బండి గుర్రంలా నడిచింది. తర్వాత ఒక సోమవారం భోకర్ దాటాక ఉన్నట్టుండి బలం తగ్గిపోయిందట. ఎంత రేసు ఇచ్చినా వేగం పడిపోయి, రెండు దగ్గులు దగ్గి ఆగిందట. కాసేపు నిలబడితే మళ్ళీ మామూలే. "కొత్త పిస్టన్ గద బావా, జర బిర్రుగ ఉంటది," అని కొట్టిపారేశాను. చెప్పానే గాని లోపల గుబులు మొదలైంది.

ఆ శనివారం వచ్చేటప్పుడు భోకర్‌లో ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకుని బయల్దేరాడు. కొంత దూరం వచ్చాక పత్తి లారీని దాటబోయాడు. ఎదురుగా బస్సు. సరిగ్గా లారీ పక్కన ఉండగా ఇంజను చచ్చిపోయింది. ఎటు తిప్పాడో ఆయనకే తెలియదు. కంకర మీద పడి మోచెయ్యి, మోకాలు చీరుకుపోయాయి. లారీ వెనక చక్రం తన చెప్పును తొక్కుకుంటూ పోయిందని ఆయన నవ్వుతూ చెప్పాడు. అక్క నవ్వలేదు.

వెంటనే బండి షెడ్డుకు తోసుకుపోయాను. నా భయం ఒక్కటే. బోరు బిగువుగా ఉంటే కొత్త పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్‌ను పట్టేస్తుంది. అదే అయితే ఆ లారీ కిందికి బావను తోసింది నా చేతులే. హెడ్డు విప్పి, బ్లాకు పైకి లాగి, పిస్టన్ చుట్టూ గోరుతో తడిమాను. ఒక్క గీత లేదు. అద్దంలా ఉంది. బతికానురా అనుకున్నాను గాని, ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. రోగం పిస్టన్‌లో లేకపోతే ఇంకెక్కడుంది?

మళ్ళీ కట్టాను. నిప్పురవ్వ సరిగ్గా రావట్లేదేమోనని కండెన్సర్ మార్చాను, పాయింట్లు గీకాను, తెలిసినవాడి దగ్గర కాయిల్ అడుక్కొచ్చాను, కార్బొరేటర్ కడిగి ఊదాను. ఇంజను విప్పేటప్పుడే ట్యాంకు దించి ఖాళీ చేశాను కాబట్టి సీసాతో కొంచెం పెట్రోలు పోసి ఊరంతా తిప్పాను. ఎక్కడా ఆగలేదు. వైద్యుడి ముందు రోగం దాచినట్టు, నా ముందు ఆ బండి బుద్ధిగా నడిచింది. ఒక తన్ను తన్నాలనిపించింది, తన్నాను కూడా. కాలే నొచ్చింది.

ఆదివారం పొద్దున ట్యాంకు నింపి, బావను వెనక కూర్చోబెట్టుకుని ముద్ఖేడ్ దారి పట్టాను. అక్క గడపలోనే నిలబడింది. చూపు బండి మీదే. తిట్టినా బాగుండేది.

ఊరు దాటాక చాలాసేపు వీనులవిందుగా కొట్టింది. తర్వాత నా చేతి కిందే బలం జారిపోయింది. రేసు తిప్పుతున్నా బండి ముందుకు పోదు. వెనక లారీ హారన్. ఎలాగో పక్కకు దించాను. బావ దిగుతూనే అలవాటుగా ట్యాంకు మూత తీసి, బండిని అటూ ఇటూ ఊపి, "పెట్రోలైతే ఉన్నది," అని మూసి, కిక్కు కొట్టాడు. అంటుకుంది.

"గిట్లనే తమ్మీ. జర సల్లారితే నడుస్తది."

సిలిండర్ దగ్గర చెయ్యి పెట్టి చూశాను. పట్టేసేంత వేడి లేదు. మరి చల్లారడానికి ఏముంది?

ముద్ఖేడ్ రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఆగింది. బావ చెయ్యి మూత మీదికి పోయింది. గభాల్న పట్టుకున్నాను.

"వద్దు బావా. ఏం ముట్టకు. ఊకె నిలబడుదాం."

మా ఉస్తాద్ మాట అది. ఒక్కసారికి ఒక్కటే ముట్టు, లేకపోతే దేనివల్ల నయమైందో తెలవదు అనేవాడు. చల్లారడం, మూత తీయడం, ఊపడం, మేము మూడూ కలిపి చేస్తున్నాం. గేటు పడింది, గూడ్సు పోయింది, గేటు లేచింది. సిలిండర్ మీద అరచెయ్యి హాయిగా ఆనేంత చల్లబడింది. కిక్కు కొట్టాను. లేదు. చెమటలు కారేదాకా కొట్టాను. లేదు. అంటే వేడి కాదు.

కార్బొరేటర్ దగ్గర పెట్రోలు గొట్టం ఊడదీశాను. నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది. పైన ట్యాంకు నిండుకుండ, కింద కరువు! అప్పుడు చెవి ఆనించి, మెల్లగా మూత తిప్పాను. స్స్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. గొట్టంలోంచి పెట్రోలు భళ్ళున నా పాదం మీద పడింది.

మూతను వెలుగులో పట్టుకున్నాను. నడుమ సూదిమొన అంత బెజ్జం ఉండాలి. పెట్రోలు ఎంత దిగితే అంత గాలి దాంట్లోంచి లోపలికి పోవాలి. బెజ్జం కనబడలేదు. దాని మీద సిందూరం, వారం మీద వారం పెట్టి పెట్టి, నూనెతో గట్టిపడి లక్కలా అయిపోయింది. సీసా పెట్రోలుతో తిప్పినప్పుడు ట్యాంకులో గాలే ఎక్కువ ఉంది కాబట్టి ఈ రోగం బయటపడలేదు.

"గిది మీ అక్క..." అన్నాడు బావ.

"ఆ," అన్నాను.

ముందు నాకు కోపమే వచ్చింది. ఆ మూత తీసుకుపోయి ఆమె ముందు పెట్టి, 'చూడు, ఎవరి చెయ్యో!' అని అరవాలనిపించింది. అంత మాట పడ్డాను మరి. బావ కట్టుగుడ్డలో ఉన్న మోచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ చెయ్యి చూశాక నా కోపం దిగిపోయింది. ఆయనకేమీ కాకూడదని పెట్టిన బొట్టే ఆయన్ని చక్రం దాకా తీసుకుపోయిందని తెలిస్తే, అక్క ఇక కంటినిండా నిద్రపోగలదా? తెగిన క్లచ్ వైరు పోగుతో బెజ్జం పొడిచి, పెట్రోలు గుడ్డతో మూత తుడిచాను. తిరుగుదారిలో బండి ఎక్కడా ఆగలేదు.

అక్క గడపలోనే ఉంది. "దొరికిందా?"

బావ నా వైపు చూశాడు.

"దొరికింది అక్కా. నాదే తప్పు. పెట్రోలు వచ్చే తొవ్వల కచరా ఉండె. నేను చూస్కోలే."

"థూ, నీ పని మన్ను వడ! మారుతి దయ ఉండవట్టి బతికిండు," అని బండి వైపు దణ్ణం పెట్టబోయి ఆగింది. "బొట్టేది?"

"పెట్రోలు వడి కడుక్కపోయింది. ఇగ హెడ్‌లైట్ మీద పెట్టు అక్కా. ముందల తొవ్వ దేవునికే కనవడ్తది."

ఒక క్షణం ఆలోచించింది. నచ్చింది. లోపలికి పోయి సిందూరం తెచ్చి, హెడ్‌లైట్ అంచున ఇంత పెద్ద బొట్టు పెట్టింది. అప్పుడు ఇద్దరికీ చాయ్ ఇచ్చింది.

సోమవారం బావ వెళ్ళాడు. ఆ వారమంతా నాకు పని మీద మనసు నిలవలేదు. శనివారం మధ్యాహ్నం నుంచే నాకా దగ్గర నిలబడ్డాను. దూరం నుంచి ఆ చప్పుడు వినబడ్డాక గాని షెడ్డులోకి పోలేదు.

అక్క ఆ సంగతిని తర్వాత ఏ పెళ్ళిలోనూ వదల్లేదు. పదిమంది పంక్తిలో కూర్చుని ఉండగా నన్ను చూపించి, "వీడు కట్టిన ఇంజను మా ఆయన పానం తీస్తుండె, మారుతే కాపాడిండు," అనేది. రోషం పట్టలేక నేను నోరు తెరిచేవాణ్ణి. ఎదురు విస్తరి నుంచి బావ నా వైపు ఒక్కసారి చూసేవాడు. నేను మళ్ళీ అన్నం కలుపుకునేవాణ్ణి.