బిస్కెట్ వెనక, ఉలవల డబ్బా ముందు

ఎవరైనా నీరసంగా కనిపిస్తే తిండి చాలలేదనుకునే ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. జ్వరమొచ్చినా, పరీక్ష పోయినా మా అమ్మ ముందు కంచం పెట్టి, తర్వాతే సంగతి అడిగేది. టెక్సాస్‌లో మాస్టర్స్ చేసే ఆ రోజుల్లో ఆ బుద్ధి కూడా పచ్చళ్ళతో పాటు నా వెంట వచ్చింది. నాకు దొరికిన ఆన్-క్యాంపస్ జాబ్ యూనివర్సిటీ గుర్రపుశాలలో (కంప్యూటర్ సైన్స్ వాడికి అక్కడేం పనని అడక్కండి, లైబ్రరీ జాబులన్నీ సీనియర్లు ముందే పట్టేశారు). నాకు అప్పగించిన గుర్రం పేరు బిస్కెట్. పిల్లలకి రైడింగ్ నేర్పడం దాని ఉద్యోగం. నాలుగడుగులు వేసి ఆగి, నావైపు చూసి నిట్టూర్చేది. పాపం, ఒంట్లో సత్తువ లేదనుకున్నాను.

ఆ సంగతి మా రూమ్మేట్‌కి చెప్పాను. వంట బాగా చేస్తాడని అతన్ని అందరం బాబాయ్ అనేవాళ్ళం. "గుర్రానికి ఉలవలు పెట్టకుండా ఉత్త గడ్డి పెడితే ఎట్ల లేస్తదిరా? ఇండియన్ స్టోర్‌కి పోదాం పద, నేను డ్రైవ్ చేస్త" అన్నాడు. మర్నాడు కుక్కర్ నిండా ఉడికించిన ఉలవలు, స్టీలు డబ్బాలో కాసిని పచ్చివి పట్టుకుని వెళ్ళాను. వాసన తగిలిందో లేదో బిస్కెట్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. అంతలో శాల మేనేజరు వచ్చింది. ఆవిడ ఆరడుగుల టెక్సాస్ మనిషి, చాటుగా మేం పెద్దమ్మ అనుకునేవాళ్ళం. కుక్కర్లోకి తొంగిచూసి, నా చెయ్యి పట్టుకుని గుర్రం డొక్కమీద పెట్టి, పక్కటెముకలు వెతకమంది. ఎంత తడిమినా పరుపు తడిమినట్టే ఉంది. అది వీక్ కాదు, ఫ్యాట్ అనీ, ఆ బరువు మొయ్యలేకే కదలట్లేదనీ, సెమిస్టర్ అయ్యేలోగా ఆ ఎముకలు చేతికి తగలకపోతే వేరే ఫామ్‌కి పంపించేస్తారనీ చెప్పింది. ఆ ఊళ్ళో నన్ను చూడగానే సంతోషంగా తల ఊపే ప్రాణి అదొక్కటే.

ఆ రోజు నుంచీ దానికి తూచి పెట్టిన ఎండుగడ్డే. బయట మేతకి వదిలితే మూతికి చిక్కం. (ఉడికిన ఉలవలు ఇంటికి తిరిగొచ్చి ఉలవచారు అయ్యాయి, వారమంతా మేమే తిన్నాం.) అసలు చిక్కు నడకతో వచ్చింది. బతిమాలినా, లాగినా ఊహూ. ఒకరోజు నా బ్యాగులో మిగిలిపోయిన పచ్చి ఉలవల డబ్బా గలగలమంది. బిస్కెట్ ఒక అడుగు వేసింది. మళ్ళీ ఊపాను, ఇంకో అడుగు. ఇక రోజూ కంచె చుట్టూ డబ్బా వాయిస్తూ రొప్పుతూ నేను, నా వెనక అది. రౌండ్ అయ్యాక చిన్న క్యారెట్ ముక్క, అంతే. చూడ్డానికొచ్చిన బాబాయ్, మా ఇద్దరి పొట్టలూ మార్చి మార్చి చూసి, "వాకింగ్ ఎవరికి రాసిచ్చిన్రురా, దానికా నీకా?" అన్నాడు.

సెమిస్టర్ చివర్లో పెద్దమ్మ దాని డొక్క తడిమి, మళ్ళీ నా చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టింది. చర్మం కింద ఎముకలు వరసగా తగిలాయి. ఏడుపొచ్చింది, సిగ్గుపడలేదు. బిస్కెట్ ఎక్కడికీ వెళ్ళలేదు. నా బెల్టుకి కూడా కొత్త బెజ్జం పొడిపించుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మేముండే ట్రాయ్ ఊళ్ళో డాక్టరు నాకూ పెద్దమ్మ మాటలే కాస్త మర్యాదగా చెబుతున్నాడు. మా ఆవిడ రోజూ వాకింగ్‌కి రమ్మంటుంది, నేను సోఫాలోంచి ఆవిణ్ణి చూసి నిట్టూరుస్తాను. మొన్న సాయంత్రం ఆవిడ పిలవలేదు. జంతికల డబ్బా తీసి, నా చెవి దగ్గర ఒకసారి గలగలలాడించి, గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

నేను లేచి, చెప్పులేసుకుని ఆవిడ వెనకాలే నడిచాను.