ఆర్డిత్ పెద్దమ్మ ముట్టని కర్ర

లోకంలో ఏ దేశపు జట్టయినా విమానంలోనో రైల్లోనో వెళ్లి పరదేశంలో ఆడుతుంది. అమెరికా ఆదివాసులైన హోడెనొషోనీల లాక్రాస్ జట్టును మాత్రం ఆర్డిత్ ప్రింటప్ ఒక దేశంలోంచి ఇంకో దేశంలోకి పరిగెత్తించి తీసుకెళ్లింది. అదీ కుడికాలు కింద పెట్టకుండా.

టస్కరోరా పల్లెలో బడిపిల్లల బస్సు తోలేది ఆర్డిత్. తాబేలు వంశం ఆమెది. ఆ వంశపు కుర్రాళ్లకు వరసకు పెద్దమ్మ, మిగతావాళ్లకు భయం కొద్దీ పెద్దమ్మ. టస్కరోరాలతో సహా హోడెనొషోనీల ఆరు జాతులూ కలిసి, సొంత ఊదారంగు జెండా పట్టుకుని, మేమూ ఒక దేశమేనంటూ ఆటకు బయల్దేరిన కొత్తలో వండటం, తోలడం, తిట్టడం మూడూ ఆమె నెత్తినే పడ్డాయి. బడివాళ్లు వదిలించుకున్న పాత బస్సొకటి జట్టుకు దక్కింది. దాని స్టార్టరు ఎప్పుడో చచ్చింది. తోస్తేనే కదులుతుంది.

మగవాళ్లు బంతిని పట్టి విసిరే, చివర వల ఉన్న లాక్రాస్ కొయ్యకర్రను ఆడవాళ్లు ముట్టరు. ఆ ఆట సాక్షాత్తూ సృష్టికర్తే ఇచ్చినది, జబ్బుపడ్డ మనిషిని లేపే శక్తి ఆ కర్రలో ఉంది. అంతవరకూ ఆర్డిత్‌కు పేచీ లేదు. పేచీ అంతా కర్రలు పారేసే వాళ్లతోనే. వంటింటి గుమ్మానికి అడ్డంగా ఒకటి, బట్టలుతికే మిషను మీద ఒకటి. సొంతింట్లో స్నానానికి వెళ్లాలన్నా మధ్యలో నిలబడి, "ఎవడిదిరా ఇది? తీస్తావా, నన్నే ఇల్లు ఖాళీ చెయ్యమంటావా?" అని అరవాల్సి వచ్చేది.

ఆ ఏడు నయాగరా నది అవతల, కెనడా వైపు, ఇంగ్లండుతో ఆట కుదిరింది. పోటీ పెట్టినవాళ్లు ముందే చెప్పేశారు: ఈల వేసే వేళకు జట్టు మైదానంలో ఉంటే వచ్చే పోటీల్లో మిమ్మల్నీ దేశాల్లో కలుపుకుంటాం, లేకపోతే ఇక పిలవం. ఆర్డిత్ పొద్దున్నుంచీ ఆ మాటే అందరి చెవుల్లో పోస్తూ ఉంది. అయినా గోల్‌కీపర్ వెండెల్ ఆలస్యంగానే వచ్చాడు. మనిషి ధాన్యపు గాదెలా ఉంటాడు, నడక కూడా అలాగే ఉంటుంది.

"ఏరా, పెళ్లికొడుకు ముస్తాబా?" అంది ఆర్డిత్.

"వేయించిన రొట్టె అయిపోతుందేమోనని కూర్చున్నా పెద్దమ్మా."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"అయితే దిగి తొయ్యి!"

అందరూ దిగారు. వెండెల్ తన పెద్ద కర్రను గేరు పక్కన ఆనించి మరీ దిగాడు. వాలులో బస్సు దగ్గింది, తుమ్మింది, అంటుకుంది. ఆ కుదుపుకి కర్ర జారి, పిడి బ్రేకు కింద ఇరుక్కుని, వల ఉన్న తల వెళ్లి యాక్సిలరేటర్ మీద పడుకుంది. ఆర్డిత్ నిప్పు తొక్కినట్టు కుడికాలు పైకి లాగేసుకుంది.

బస్సు వెళుతూనే ఉంది.

తాళం తిప్పితే ఆగుతుంది. ఆగితే మళ్లీ తొయ్యాలి. ముందున్నదంతా ఎత్తు, ఏనుగులు తోసినా ఎక్కదు. ఆట పోతుంది, దేశమూ పోతుంది. కాలు పెడితే నియమం పోతుంది. ఆర్డిత్ కాలు సీటు మీద మడిచిపెట్టుకుని, తలుపు తెరిచి, కిటికీలోంచి గొంతు చించుకుంది.

"వెండెల్! నీ కర్ర! నీ కర్ర తియ్యరా, దరిద్రుడా!"

వెనకవాళ్లకు వినపడింది "రండిరా" అని. పరుగెత్తారు. అందరికంటే ముందు చిన్నవాడు లైల్ వచ్చి ఎగిరి ఎక్కాడు. సీట్లో కూలబడి రొప్పుతూ, "అంత కోపమైతే ఎలా పెద్దమ్మా, వస్తున్నాంగా!" అన్నాడు.

"కోపం కాదురా, కర్ర! తియ్యి!"

లైల్ వంగి చూసి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. "అది వెండెల్‌ది. వాళ్ల తాత పోతూ పోతూ చేసిచ్చింది. ఆట అయ్యేదాకా ఇంకొకడి చెయ్యి పడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు."

"ఒట్టు ఎవడు పెట్టమన్నాడు?"

"నువ్వే పెద్దమ్మా. పోయిన ఆటలో వాడు కర్ర పారేసి తిరుగుతుంటే, ఒట్టు పెట్టుకుంటేగానీ బుద్ధి రాదన్నావు."

ఆర్డిత్ తన్ను తానే తిట్టుకుంది. పల్లెలో అలా జరగడం అదే మొదలు.

ఒక్కొక్కడే పరుగెత్తుకొచ్చి ఎక్కడం, కర్ర చూడటం, చేతులు వెనక్కి పెట్టుకోవడం. చివరికి బస్సు నిండా మగవాళ్లున్నారు, కర్ర తీసే మగాడు లేడు. పైగా కిటికీల్లోంచి వెండెల్‌ను ఉత్సాహపరచడం మొదలెట్టారు.

"రా రా గాదె! సూప్ గుండిగ మూత తీశాం!"

"వాసన వస్తోందా?"

"నోళ్లు ముయ్యండి!" అంది ఆర్డిత్, ఎడమచేత్తో స్టీరింగు, కుడిచేత్తో మోకాలు పట్టుకుని. "ఇంగ్లండు రాణి దగ్గర కూడా ఇలాంటి వెధవలు ఉండరు!"

ఎత్తు మొదలయ్యేసరికి బస్సు నత్తలా అయింది. వెండెల్ వెనక నిచ్చెన పట్టుకుని, వెనక తలుపులోంచి పాకి, సీట్ల మధ్య ఊగుతూ ముందుకొచ్చాడు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, తాత పేరు తలుచుకుని, నెమ్మదిగా కర్ర తీశాడు.

"నన్ను వదిలేసి పోదామనుకున్నావా పెద్దమ్మా?" అన్నాడు కన్నీళ్లు పెట్టుకుని.

ఆర్డిత్ కాలు దించి యాక్సిలరేటర్ తొక్కింది. ఆ తొక్కుడుకి నయాగరా జలపాతం కాసేపు వెనక్కి పారిందని నది ఇరుపక్కలా సాక్షులున్నారు. ఈల నోట్లో పెట్టుకున్న అంపైరు, చెమటలు కక్కుతూ దిగిన జట్టును చూసి, వీళ్లు మైదానానికి రాకముందే కసరత్తు ముగించారని బెదిరిపోయాడట. ఇంగ్లండువాళ్లకైతే కాళ్లే ఆడలేదట. ఆ రోజు నుంచి హోడెనొషోనీలు దేశాల లెక్కలో ఉన్నారు.

ఈ కథ ఎవరు ఎత్తుకున్నా ఆర్డిత్ గిన్నెలు కడగడం ఆపదు, తల తిప్పదు.

"పరిగెత్తించలేదు. నది మీది వంతెన రాకముందే అందరూ బస్సులోనే ఉన్నారు. ఈల వేళకు చేరాం, అంతే. ఆట ఓడిపోయాం."